పైయింటికి బదులు కిందింటికి ప్లంబర్‌ని పంపించా: క్లాసులో వచ్చే ఫ్రెంచ్ బయట ఎందుకు రావడం లేదు?

కొర్లగుంట అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది తిరుపతి. పోయిన సెప్టెంబరులో మాస్టర్స్ చేయడానికి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కి వచ్చా. చుట్టూ కొండలున్న ఊరు. "తిరుమల కొండ చూసినట్టే ఉంది, నాకేం దిగులు లేదు" అని అమ్మకు ఫోన్లో చెప్పి, పెట్టేసి ఏడ్చా, అది వేరే సంగతి. కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే. ఫ్రెంచ్‌కి వారానికి రెండు క్లాసులు, కలిపి నాలుగు గంటలు. ప్రస్తుతం ఏ2 నడుస్తోంది, అంటే భాష వచ్చిన ఆరు స్థాయిల్లో కింది నుంచి రెండోది. ఇక్కడ మార్కులు 20కి వేస్తారు, పోయినసారి రాతపరీక్షలో నాకు 17 వచ్చాయి. కాగితం మీద నేను బాగానే ఉన్నాను. నోరు తెరిస్తేనే సమస్య.

ఉదాహరణకి బేకరీ. వచ్చిన రెండో వారం, ఇంట్లో పదిసార్లు అనుకుని వెళ్ళి "ఊన్ బగెత్, సిల్ వూ ప్లే" అన్నా. తడుముకోకుండా వచ్చేసింది, లోపల సంబరం. కౌంటర్లో ఉన్నామె రొట్టె కాగితంలో చుడుతూ "అవెక్ ససీ?" అంది. అవెక్ అంటే "తో" అని తెలుసు. ఆ ససీ నాకు "సోసీస్" అని వినబడింది, అంటే సాసేజ్. రొట్టెలో మాంసం పెట్టేస్తోందనుకుని రెండు చేతులూ ఊపుతూ "నో, నో, వెజిటేరియన్!" అని అరిచా. వెనకాల క్యూలో ఉన్నాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆమె అడిగింది "ఇంకేమైనా కావాలా?" అని. అంతే. మా నాన్న కొట్లో రోజుకి రెండొందల సార్లు అనే మాటే, "ఇంకేం కావాల సామీ?"

సరే, అది కొత్తలో. అసలు సంగతి ఫిబ్రవరిలో జరిగింది.

మేం ముగ్గురం తెలుగమ్మాయిలం కలిసి మూడో అంతస్తులో ఉంటాం. ఒకమ్మాయిది గుంటూరు, ఒకమ్మాయిది నిజామాబాద్. ఒకరోజు పొద్దున బాత్రూం పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందు చుక్కలు, సాయంత్రానికి బకెట్ పెట్టాల్సి వచ్చింది. అద్దె వ్యవహారాలు చూసే ఏజెన్సీకి ఫోన్ చేయాలి. ముగ్గురిలో మార్కులు నాకెక్కువ కాబట్టి నన్ను ముందుకి తోశారు. "నీళ్ళు లీకవుతున్నాయి, పైయింటి వాళ్ళ నుంచి వస్తున్నాయి" అని కాగితం మీద శుద్ధంగా రాసుకుని చదివా.

పైన అనే మాట "దస్యూ". కింద అనే మాట "దసూ". ఆ "యూ"కీ "ఊ"కీ ఉన్న తేడా నా నోట్లో లేదు. నేను చదివింది దస్యూ, అవతలామెకి వినిపించింది దసూ. ఆమె అడిగింది కూడా, "దసూ? మీరు ఖాయంగా చెబుతున్నారా?" అని. మర్యాదకి అడుగుతోందనుకుని "వీ, వీ" అన్నా. కింది ఇంటి నుంచి మీ పైకప్పుకి నీళ్ళెలా ఎక్కుతాయి తల్లీ అని ఆమె అనుకుని ఉంటుంది పాపం.

మర్నాడు ప్లంబర్ నేరుగా రెండో అంతస్తుకి పోయి అక్కడున్న పెద్దావిడ బాత్రూమంతా వెతికాడు. ఏమీ లేదు. ఇద్దరూ పైకొచ్చి మా తలుపు కొట్టారు. ఆవిడకి డెబ్బై పైనే ఉంటాయి. మా బకెట్ చూసింది, పైకప్పు చూసింది, నన్ను చూసింది. వేలు పైకి పెట్టి "దస్యూ", కిందకి పెట్టి "దసూ". మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి. అంగన్‌వాడీలో పిల్లకి నేర్పినట్టు. నేను వెనకాలే అన్నా. రెండూ ఒక్కలాగే వచ్చాయి. ప్లంబర్ గమ్మునుండి బకెట్ వైపు చూస్తా ఉన్నాడు.

ఆవిడ నవ్వింది తప్ప ఎగతాళి చేయలేదు, అది నాకూ తెలుసు. కానీ ఆ రోజు నుంచి నాలో ఏదో మూసుకుపోయింది. సూపర్ మార్కెట్లో మనుషులున్న కౌంటర్ వదిలేసి మెషీన్ దగ్గరకి పోతున్నా. ట్రామ్‌లో ఎవరైనా ఏదైనా అడిగితే ఇయర్‌ఫోన్లు సర్దుకుంటున్నా. ఎప్పుడైనా ధైర్యం చేసి "బోంజూర్" అన్నా, నా యాస వినగానే వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు, నేనూ హమ్మయ్య అనుకుంటా. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. ఫ్రాన్స్‌లో ఉండి ఫ్రెంచ్ మాట్లాడేది వారానికి ఆ నాలుగు గంటలే.

ఎక్కువ బాధేమిటంటే మా నాన్న. గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో మాకు రాగి చెంబులు, దేవుడి పటాల కొట్టుంది. నాన్న ఏడో క్లాసుతో ఆపేశారు. అరవం, కన్నడం, హిందీ దంచేస్తారు, మరాఠీలో బేరం చేస్తారు. ఒక్క భాషకీ క్లాసుకి పోలేదు. నేను ఇంజనీరింగ్ చేసి, ఇంత ఖర్చు పెట్టి, రొట్టె కొనడానికి భయపడుతున్నా.

నా ప్రశ్నలు: బయట మాట్లాడే ఫ్రెంచ్ క్లాసు ఫ్రెంచ్‌లా ఎందుకుండదు? వాళ్ళు ఇంగ్లీషులోకి మారకుండా ఏం చేయాలి? వచ్చే ఫిబ్రవరిలో స్టాజ్ మొదలవ్వాలి, ఇంటర్న్‌షిప్పుని ఇక్కడ అలాగే అంటారు. చాలా కంపెనీలు బీ1 అయినా, అంటే ఏ2కి పై మెట్టు, ఉండాలంటున్నాయి. కుదురుతుందా? ఈ ఇద్దరమ్మాయిల్నీ వదిలేసి ఫ్రెంచ్ వాళ్ళతో ఉండమని ఒక సీనియర్ అన్నాడు. అది మాత్రం నా వల్ల కాదు, పప్పు ఎవరు చేస్తారు?

పితికిపప్పు

చెల్లీ, నాది చిత్తూరు, లియోన్‌లో ఆరేళ్ళు. నువ్వు రాసిందంతా నేను పడ్డదే. నీకు ప్లంబరైతే నాకు డాక్టర్ అపాయింట్‌మెంట్, చెప్పను, పరువు పోతుంది.

బయటి ఫ్రెంచ్ గురించి. క్లాసులో "నాకు తెలియదు" అంటే "జె న సే పా" అని నాలుగు ముక్కలుగా నేర్పుతారు. రోడ్డు మీద అది "షేపా". ఒకటే ముక్క. "ఇల్ య" అన్నది "యా" అవుతుంది, "త్యూ ఆ" అన్నది "తా" అవుతుంది. లేదు, కాదు అని చెప్పేటప్పుడు ముందొచ్చే ఆ "న" మాటల్లో దాదాపు ఎవరూ పలకరు. ఇదేం వింత కాదు, మనం "ఏం చేస్తున్నావు" అని రాసి "ఏంజేస్తన్నావ్" అంటాం కదా. కొత్తవాడెవడైనా పుస్తకం తెలుగు నేర్చుకుని చిత్తూరు బస్టాండులో దిగితే వాడి గతీ ఇంతే.

చెవికి: ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్ళు "జూర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫసీల్" అని పది నిమిషాల వార్తలు తేలిక భాషలో పెడతారు, చదువుకోడానికి రాతప్రతి కూడా ఉంటుంది. ముందు చదవకుండా విను. తర్వాత చదువు. మళ్ళీ విను. నేను ట్రామ్‌లో రోజూ అదే చేశా. మూడో నెలలో ఒకరోజు, రాతప్రతి తెరవలేదని దిగిపోయాక గుర్తొచ్చింది.

అంకెలు వేరే నేర్చుకో. వాళ్ళకి 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు-ఇరవైలు, 97 అంటే నాలుగు-ఇరవైలు-పదిహేడు. ఫోన్ నంబర్ రెండేసి అంకెలుగా చెప్తారు. వాళ్ళు "స్వాసాంత్" (అరవై) అనగానే నువ్వు 6 రాసేస్తావు, వెంటనే "దూజ్" (పన్నెండు) అంటారు, అంటే అది 72, కొట్టేసి 7 రాసేలోపు ఇంకో రెండు జతలు వెళ్ళిపోతాయి. కాబట్టి జత పూర్తయ్యేదాకా పెన్ను కాగితం మీద పెట్టొద్దు. బెల్జియం వాళ్ళూ స్విట్జర్లాండ్ వాళ్ళూ 70కి "సెప్తాంత్" అని శుభ్రంగా ఒక మాట పెట్టుకున్నారు. వీళ్ళు మాత్రం మారరు.

ఇంగ్లీషులోకి మారితే నవ్వుతూ "నేను నేర్చుకుంటున్నా, ఫ్రెంచ్‌లోనే మాట్లాడదామా?" అను. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం తడబడకుండా బట్టీ పట్టు, మిగతావి తడబడినా పర్లేదు. చాలామంది సంతోషిస్తారు. ఇంకో మందుంది: అన్నదానం లాంటి పనులు చేసే సంఘాల్లో వాలంటీరుగా చేరు. రెస్టో ద్యూ కర్ అని 1985లో మొదలైంది, దేశమంతా ఉంది. నేను అక్కడ శనివారాలు కూరగాయలు పంచేవాణ్ణి. వచ్చేవాళ్ళకీ ఇంగ్లీషు రాదు, పక్కన పనిచేసే రిటైరైన పెద్దలకీ రాదు. ఇంగ నువ్వు ఎటూ తప్పించుకోలేవు.

బీ1 ఫిబ్రవరికి? వేసవి సెలవుల్లో గది దాటి బయటికి వస్తే కుదురుతుంది. స్టాజ్ రెండు నెలలు దాటితే కంపెనీ డబ్బులివ్వాల్సిందే, అది రూలు, కాబట్టి వాళ్ళూ ఏరి తీసుకుంటారు. ముందుముందు ఇక్కడే స్థిరపడే ఆలోచనుంటే ఇప్పట్నుంచే చూసుకో. 2026 జనవరి 1 నుంచి ఇక్కడ ఉండడానికిచ్చే పదేళ్ళ కార్డుకి బీ1, పౌరసత్వానికి దానిపైది బీ2 అడుగుతున్నారు.

రూమ్మేట్లని వదలొద్దు. ఆ సీనియర్‌కి ఎవరో వండిపెడుతుంటారు, అందుకే అలా మాట్లాడుతున్నాడు.

ఎవడికెరుక

ఇంగ్లీషు కోర్సే చదవాలనుకున్నప్పుడు ఐర్లాండో ఇంకోటో వెళ్ళాల్సింది. ఫ్రాన్స్ వెళ్ళి ఫ్రెంచ్ కష్టమంటే ఎలా?

కొర్లగుంట అమ్మాయి

ఫీజు తేడా మీరు కడతానంటే ఇప్పుడే టికెట్ బుక్ చేస్తా అన్నా.

రిటైరైన అయ్యవారు

అమ్మా, నాకు ఫ్రెంచ్ రాదు. చిత్తూరు జిల్లా పాఠశాలల్లో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా మనవరాలు పుదుచ్చేరిలో చదువుతూ ఫ్రెంచ్ నేర్చుకుంటోంది, సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని విన్నాను. విన్నకొద్దీ నాకు మన వ్యాకరణమే గుర్తుకొచ్చింది.

బడిని "ఎకోల్" అంటారట, దాని ముందు "ల" చేరితే "ల ఎకోల్" అనకూడదట, "లెకోల్" అనాలట. మన "వాడు, ఎవడు" కలిస్తే "వాడెవడు" కాలేదా? పై అచ్చొస్తే ముందున్నది తప్పుకుంటుంది. ఇంకోటి విను. "లే" అంటే బహువచనం గుర్తు, చివర ఒక సకారం రాస్తారు కానీ పలకరు. అదే తర్వాత "అమీ" అని అచ్చుతో మాట వస్తే ఆ దాక్కున్న సకారం జకారమై "లెజమీ" అని బయటికొస్తుంది. ఇది మన ద్రుతానికి చుట్టమే. "వచ్చె" అంటాం, తర్వాత "అతడు" వస్తే "వచ్చెనతడు" అంటాం. ఆ నకారం ఎక్కణ్ణించి వచ్చింది? అక్కడే ఉంది, అచ్చు కోసం కాచుకుంది. రోడ్డు మీద మాటలు అతుక్కుపోయి వినబడుతున్నాయని కంగారు పడకు. సంధి విడదీయడం పదో తరగతిలో చేసినదే కదా.

లింగం సంగతి కూడా పిల్ల చెప్పింది. బల్ల ఆడదట, పుస్తకం మగవాడట. ఎందుకని వెతక్కు, దొరకదు. సంస్కృతంలో భార్య అన్న అర్థానికే మూడు మాటలున్నాయి: "భార్యా" స్త్రీలింగం, "కళత్రం" నపుంసకం, "దారాః" పుంలింగం, పైగా ఎప్పుడూ బహువచనం. ఇంట్లో ఉన్నది ఒక్కావిడే! దీన్ని వెయ్యేళ్ళకి పైగా బట్టీ పడుతూనే ఉన్నాం. కాబట్టి మాటని ఒంటరిగా నేర్చుకోకు, ఆడమాటైతే దాని ముందొచ్చే "ల"తోనో, మగమాటైతే "ల్ఎ"తోనో కలిపి ఒకే ముక్కగా నేర్చుకో.

అన్నట్టు మన భాషలో దస్యువంటే దొంగ. పైయింట్లో దొంగ ఉన్నాడని గుర్తుపెట్టుకుంటే ఇక మర్చిపోవు.

చెంబులంగడి

పాపా, నాదీ గుడి దగ్గర అంగడే. మీ నాయన నాకు తెలిసే ఉంటాడు, ఆ సందులో ఉండేది ఎంతమంది.

నాకు ఫ్రెంచీ తెలీదు. అరవం ఎట్టొచ్చిందో చెప్తా. మొదట్లో "ఎవ్వళవు" (ఎంత) ఒకటి, ఒకటి నుంచి నూరు దాకా అంకెలు, అంతే తెలుసు. దాంతోనే రెండేండ్లు యాపారం చేసినా. మిగిలిందంతా తప్పుల్తోనే.

ఒక పెరటాసిలో, అరవోళ్ళ నెల అది, సేలం నుంచి ఒకామె వచ్చింది. చెంబు తీసుకుంది, ఇరవై రూపాయలు తక్కువైంది. పోనీలే, అవసరం లేదు అని చెప్పాలనుకుని "అవసరం ఇల్లె" అన్నా. అరవంలో అవసరమంటే తొందర అని నాకప్పుడు తెలీదు. ఆమె "తొందర లేదంటున్నాడు, మంచోడు" అనుకుని దండం పెట్టి పోయింది. మరుసటేడు పెరటాసిలో వచ్చి ఇరవై రూపాయలు చేతిలో పెట్టింది! ఇంగో నాలుగిండ్ల వాళ్ళని కూడా తోడు తెచ్చింది. ఇప్పటికీ ఏడాదికోసారి వస్తారు. నేను సరైన అరవం మాట్లాడుంటే ఆ బేరం యాడిది?

మీ నాయనకి మాత్రం సిగ్గు లేదనుకున్నావా? ఉంటాది. కాకపోతే గిరాకీ ముందర నిలబడి ఉంటాడు, సిగ్గుపడేదానికి టైముండదు. ఆ మెషీను దగ్గర బిల్లు కొట్టుకోవడం మానెయ్. మెషీను నీకు మాట నేర్పదు. ఆ కిందింటి పెద్దామె ఉందే, నీకు ఊరికే దొరికిన టీచరు. ఏదైనా చేసి తీసుకుపో.

కొర్లగుంట అమ్మాయి

మూడు వారాలైంది, వచ్చి చెబుదామని.

చెంబులంగడి అన్న చెప్పినట్టే చేశా. ఆదివారం చింతపండు పులిహోర చేసి గిన్నెలో పెట్టుకుని రెండో అంతస్తుకి దిగా. ఊరిబిండి కూడా పెట్టా గానీ కారానికి ఏమవుతుందో అని కొంచెమే. తలుపు తీసి నన్ను చూడగానే ఆవిడ వేలు పైకి పెట్టింది. నేను "దస్యూ" అన్నా. తల అడ్డంగా ఊపింది.

లోపల కూర్చోబెట్టి, తన మూతి చూపిస్తూ నేర్పింది. ముందు "ఈ" అనమంది. అలాగే అంటూ, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం వేడి కాఫీ ఊదేటప్పుడు పెట్టినట్టు గుండ్రంగా పెట్టమంది. బొటనవేలూ చూపుడువేలుతో నా బుగ్గలు పట్టుకుని నొక్కింది కూడా. ఐదోసారికో ఆరోసారికో ఏదో కొత్త శబ్దం వచ్చింది, నాదేనా అని నాకే అనుమానం. ఆవిడ చప్పట్లు కొట్టింది. క్లాసులో ఇదే శబ్దం గురించి పటం గీసి చెప్పారు, 17 మార్కుల్లో అదీ ఒకటి. బుగ్గలు ఎవరూ పట్టుకోలేదు.

ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం వెళ్తున్నా. ఒక గంట. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, దేవుడి దయ. మొదటి రోజు నేను మాట్లాడిన ప్రతి మాటకీ తప్పు దిద్దబోతే బిక్కచచ్చిపోయా. అది గమనించి, అప్పట్నుంచి చివరి పది నిమిషాల్లో మాత్రమే దిద్దుతోంది. మిగతా యాభై నిమిషాలు నా తప్పుల్తోనే నడుస్తుంది. పితికిపప్పు అన్నా, మీరు చెప్పిన "షేపా" ఆవిడ నోట వింటున్నా. ఇంకోటి కనిపెట్టా, "ద్యూ కూ" అని ప్రతి రెండు వాక్యాలకీ ఒకసారి అంటారు, మన "అందుకని", "ఇంగ" లాగా. ముందు అదేదో ముఖ్యమైన మాటని నిఘంటువులో వెతికా. ఇప్పుడు నేనూ వాడేస్తున్నా, ఏం చెప్పాలో తెలియనప్పుడు బాగా పనికొస్తుంది.

బేకరీకి కూడా వెళ్ళా. అదే ఆమె. "అవెక్ ససీ?" అంది. "స స్రా తూ" అన్నా, అంతే చాలు అని. గుర్తుపట్టిందో లేదో తెలియదు, నవ్వయితే నవ్వింది. ఫోన్ అంటే మాత్రం ఇంకా కడుపులో తిప్పుతుంది. నిన్న ఏజెన్సీ నుంచి ఫోనొస్తే గుంటూరమ్మాయికిచ్చి బాత్రూంలోకి పోయా. అంతా మారిపోయిందని అనుకోకండి.

అయ్యవారూ, మీకొక ప్రశ్న. పులిహోర ఆవిడకి బాగా నచ్చింది. హకారం పలకలేక "పులియోరా" అంటోంది. పోయిన గురువారం చెంచా పక్కన పెట్టి చాలా సీరియస్‌గా అడిగింది, "ల పులియోరానా, ల్ఎ పులియోరానా?" అని. మా భాషలో వస్తువులకి ఆడా మగా లేదని చెప్పడానికి నా ఏ2 సరిపోలేదు. అడిగి చెప్తానన్నా. గురువారంలోపు ఏదో ఒకటి తేల్చండి.